పుట్టినతేదీ రుజువు

నా ఉద్యోగం వయసుల్ని నమ్మకపోవడం.
పింఛను ఆఫీసులో పదహారేళ్ళుగా
జూలై ఒకటిన పుట్టినవాళ్ళందరినీ
కళ్ళజోడు పైనుంచి చూస్తుంటాను.

అట్లాంటిదాన్ని,
బ్రాడ్వే పేవ్‌మెంటు మీద
పాత ఇస్త్రీపెట్టెకీ గడియారం ముళ్ళ డబ్బాకీ నడుమ
నల్లతోలు తొడుక్కుని కూచున్న కెమెరాని,
నెత్తిన చెక్కిన జర్మనీ పేరు చూసి
రెండువేల మూడొందలకి నమ్మేశాను.

చింతాద్రిపేటలో రైలు వంతెన కింద సందు.
ఎతిరాజులు గారి కొట్టు చాపంత వెడల్పు.
ఆయన పేరు చదవనేలేదు.
మీట నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాడు,
కొబ్బరికాయ కొనేవాడిలా.

"చుట్టకముందు ఈ చక్రం తిప్పినావామ్మా?"
లేదన్నాను.
"బతికిపోయినాది. ముందు చుట్టాల, తరవాతే వేగం మార్చాల.
తిరగేస్తే లోపల పళ్ళు రాలిపోతాయి."

ఆ తర్వాత ప్రశ్నలన్నీ దానికే.
ఫ్లాష్ తీగకి తావుందా? లేదు.
రీలు జరిపే మీట? లేదు, తిప్పుడు గుండీయే.
ఇరవై, ముప్పై, నలభై, అరవై...
"వేగాలు పాతలెక్కలో ఉండాయి.
యాభైమూడు దాటి ఉండదు."

లెన్సు మరలు విప్పి లోపలికి టార్చి కొట్టాడు.
"అసలుదానికి ఇక్కడ చక్రం దొర్లతా ఉంటాది.
దీనికి చూడు, చింతగింజంత ముక్క.
జర్మనీ కాదు తల్లీ, రష్యా.
పేరు ఎవురో తరవాత చెక్కించినారు."

లెన్సు నెంబరు యాభైఆరుతో మొదలు.
అంటే
ఒంటికన్నా కన్ను నాలుగేళ్ళు చిన్నది.

కోపం రావాల్సింది. రాలేదు.
నా తేదీ కూడా
బడిలో చేర్చిన పొద్దున
హెడ్మాస్టరు వేళ్ళమీద లెక్కేసి రాసిందే.
అమ్మకి తెలిసింది ఒకటే,
కూవం పొంగి మా వీధిలో తెప్ప తిరిగిన వారం అని.

అడుగు రేకు తీస్తే
సూదిమొనతో గీసిన అంకెలు: 7-3-74.
మీరేనా అన్నాను.
"నాది కాదు," అని దీపం దగ్గరికి పట్టి
చాలాసేపు చూశాడు. "మంచి చెయ్యి."

కిటికీలోంచి చూడమన్నాడు.
ఎదురు మేడ మీద నీళ్ళట్యాంకులు రెండు.
ఒకటి గట్టిది,
ఒకటి పసుపుపచ్చగా, పల్చగా
పక్కింట్లోకి జరిగిపోయి.
లెన్సుని అనంతందాకా తిప్పాను,
అక్కడా కలవలేదు.

ఆయన ముందువైపు చిన్న మర విప్పి
ఊపిరి బిగబట్టి, లోపలి స్క్రూని
పావుచుట్టులో పావు తిప్పాడు.
పల్చటి ట్యాంకు నెమ్మదిగా నడిచొచ్చి
గట్టిదాంట్లో కూచుంది.
అప్పుడు కనబడింది
దాని మూత మీద కాకి,
ఒక్కటే.

"పేరు అరగదీసేదా, ఉంచేదా?"
ఉంచమన్నాను.
దొంగపేరుతోనైనా
ఇన్నాళ్ళు కాపరం చేసింది కదా.

బిల్లు రాశాడు:
రష్యా కెమెరా, యాభైరెండు, సుమారు.

ఎన్ని దరఖాస్తుల్లో
ఎర్రసిరాతో కొట్టేశాను ఆ మాటని!
కాగితం మడిచి పర్సులో పెట్టుకుంటూ
ఎంతండీ అన్నాను.

"నాలుగొందలు," అన్నాడు.
అది మాత్రం సుమారు కాదు.