అంగుళం నీళ్లు

క్లైపేదా రేవులో అక్టోబరు.
డీజిల్ టాంకుల వెనక సముద్రం
పిండకుండా వదిలేసిన దుప్పటిలా పడుంది.
స్కైస్తే ముందున్న కాగితంలో అన్నీ నిండాయి:
వ్యాసం ఇరవై నాలుగు మీటర్లు, ఎత్తు పదహారు,
తుప్పు తినడానికి వదిలిన ఒక మిల్లీమీటరు,
కప్పు మీద మంచు బరువు.
ఒక్క గడి ఖాళీ.
డిజైన్ పీడనం.

మామూలు గాలి టాంకే కదా, సున్నా రాసెయ్,
అన్నాడు పక్క బల్ల రోలాందస్
కాఫీ మీంచి తల ఎత్తకుండానే.
రాసింది.
సున్నా మీదే పెన్సిలు ఇంకో చుట్టు తిరిగింది,
మరో చుట్టు తిరిగింది,
కాగితం చిరగబోతుంటే ఆగింది.

సున్నా అంటే ఊపిరి తీయనిది.
టాంకు తీస్తుంది.
నింపుతుంటే ఆవిరిని బయటికి వదులుతుంది,
తోడుతుంటే గాలిని లోపలికి గుంజుకుంటుంది.
ఎవరూ ముట్టుకోకపోయినా,
జూలై ఎండకి కాగి ఉన్నప్పుడు
సముద్రం మీంచి వాన వచ్చి ఒక్కసారిగా కొడితే
చన్నీళ్లు పోసిన పసిబిడ్డలా
గుక్క పట్టేస్తుంది.

ఆ గుక్కని నీళ్ల ఎత్తుతో కొలుస్తారు.
నూట ముప్పై టన్నుల ఉక్కు
లోపలికి ఎంత లాగితే ఓర్చుకుంటుందంటే
ఇరవై ఐదు మిల్లీమీటర్ల నీళ్లు.
అంగుళం.
టీ కప్పు అడుగున మిగిలేటంత.
పైన పటారం లోన లొటారం అంటారే,
అది తిట్టు కాదు, డ్రాయింగు.

క్యాంటీన్లో ప్రానస్‌ని అడిగింది.
రిటైరైనా గురువారాలు సూప్ కోసం వస్తాడాయన.
జవాబు చెప్పలేదు. ఖాళీ కెఫీర్ డబ్బాకి
పెదాలు బిగించి పీల్చాడు.
డబ్బా నడుము దగ్గర ఠప్పున కుంగింది.
"ఏడో నంబరు టాంకు," అన్నాడు.

"రంగులేసేవాళ్లు గాలిగొట్టం నోటికి
ప్లాస్టిక్ సంచి కట్టారు, చుక్కలు లోపల పడకూడదని.
మంచివాళ్లే. పని తెలిసినవాళ్లే.
సాయంత్రం వాళ్లు దిగారు, సంచి దిగలేదు.
తెల్లారి పంపు నేనే వేశాను.
ఉల్లిపొరంత సంచి, అమ్మాయ్.
అది చిరగలేదు.
ఉక్కు మడతపడింది."

ఎవరికీ ఏమీ కాలేదట.
కానీ ఆ బటను నొక్కిన వేలితో
ఆయన ఇప్పటికీ లిఫ్టు బటను కూడా నొక్కడు.
పిడికిలి మడిచి, కణుపుతో నొక్కుతాడు.

బల్ల దగ్గరికొచ్చి ఎక్కువ రాద్దామనుకుంది,
యాభై, నూరు, ఎంతైనా.
ఎక్కువ రాస్తే రేకు మందమవుతుంది,
గోడ చుట్టూ ఉక్కు పట్టీలు మొలుస్తాయి,
రోలాందస్ ఖర్చు కాగితంతో వచ్చి నిలబడతాడు.
పైకి నెట్టే వైపైతే ఇంకో చిక్కు:
ఐదు మిల్లీమీటర్ల కప్పు
తన బరువంత ఒత్తిడికే కూర్చుని ఉంటుంది,
ముప్పై తొమ్మిది దాటితే
ఉడికే గిన్నె మీద మూతలా లేవాలని చూస్తుంది.
కప్పుకీ గోడకీ మధ్య అతుకుని
కావాలనే సన్నగా వేస్తారు.
ఏదో ఒకటి తెగాల్సి వస్తే అది తెగాలి,
అడుగు కాదు.
బలాన్ని లెక్కగట్టడం కాలేజీలో నేర్పారు,
బలహీనతని ఎక్కడ పెట్టాలో
ఈ కాగితం నేర్పుతోంది.

పైకి ముప్పై ఐదు. లోపలికి ఇరవై ఐదు.
కవాటం మాత్రం చాలా ముందే తెరుచుకోవాలి.
తోడే వేగం, వాన తెచ్చే చలి,
రెండూ కలిపి మళ్లీ లెక్కేసింది.
సరిపోయింది. గడి నిండింది.

అయినా పెన్సిలు కింద పెట్టలేదు.
ఏ అంకె రాసినా ఆ సంచి ముందు ఓడిపోతుంది.
కింద, గమనికల్లో,
ఎవరూ చదవని ఆ ఇరుకు చోట రాసింది:
"రంగు వేసేటప్పుడు గాలిగొట్టానికి
ఏదీ కట్టకూడదు. కడితే, విప్పినవాడి సంతకం లేకుండా
పంపు వేయకూడదు."
ఇది డిజైన్ కాదు కదా, అన్నాడు రోలాందస్.
అవునంది. చెరపలేదు.

నాలుగున్నరకే చీకటి పడింది. వాన మొదలైంది.
కిటికీ ఓరగా తెరిచి చెవి పెట్టింది.
మూడో టాంకు మీద కవాటం పళ్లెం
టక్కున లేచి, మళ్లీ కూర్చుంది.
ఐదో దాని కోసం
కోటు సగం తొడుక్కుని
అలాగే నిలబడి ఉంది.