షహాత వాటా

షహాత పోయి పద్నాలుగు నెలలు.
అస్యూత్‌లో, బేకరీ కిటికీ దగ్గర
రోజుకి ఐదు రొట్టెలు
ఇంకా అతని పేరు మీదే కాలుతున్నాయి.

కార్డు గీకిన ప్రతిసారీ
మిషను కీచుమంటుంది.
ఇన్సాఫ్ తల దించుకుంటుంది,
మొగుడు దగ్గినట్టే ఉంటుందట.

ఆ ఐదూ మేడ మీది సూడాన్ పిల్లలకి.
ఏ కార్డులోనూ లేవు వాళ్ళ పేర్లు.
చిన్నదానికి మాడిన అంచే ఇష్టం.

నిన్న తనిఖీ ఆఫీసరు వచ్చాడు.
"చచ్చినవాడు తింటాడా?" అని గదమాయించి
పేరు కొట్టేశాడు.
వెనక వీధిలో సర్కారు పిండి బస్తాలు
లారీ ఎక్కుతూనే ఉన్నాయి.
అతని నల్లబూట్ల మీద కూడా
కాస్త తెల్లగా పడింది.
దులుపుకున్నాడు.

ఇవాళ ఇన్సాఫ్ తన ఐదింటినీ
ముందేసుకు కూర్చుంది,
లెక్క కుదరక.
పైన, మెట్ల మీద
చిన్న కాళ్ళ చప్పుడు.