కొసరు

తెల్లారుజాము నాలుగున్నరకి
మలక్‌పేట గంజ్ వెనక, మా రెండో అంతస్తు గదిలో
ఒక ఆట మొదలవుతుంది.
అక్కడి వాళ్ళకి నిన్నటి సాయంత్రం ఇంకా అయిపోలేదు.
ఇక్కడ ఉల్లిగడ్డ లారీలు వెనక్కొస్తూ కూతపెడుతుంటాయి.

బేస్‌బాల్ బంతిని నేనెప్పుడూ ముట్టుకోలేదు.
తెల్లటి తోలు, ఎర్ర దారం,
నూట ఎనిమిది కుట్లట,
జపమాల పూసలన్ని.
నేను తిప్పేది మాత్రం అంకెలు.

ఎవడు ఎడంచేత్తో విసురుతాడు,
ఆ ఎడంచేతి వాణ్ణి ఎవడు చితక్కొడతాడు,
రాత్రి విమానం దిగి నిద్ర లేకుండా వచ్చిందెవరు,
గాలి మైదానం లోపలికా, బయటికా,
ఇవాళ నిలబడే అంపైర్
మోకాలి కింది బంతికి ఒప్పుకునే రకమేనా.
అన్నీ రాసుకుని నా ధర నేను కడతాను.
ఆ తర్వాతే వాళ్ళ ధర చూస్తాను.
ముందే చూస్తే మనసు అటే ఒరుగుతుంది.
బేరమాడిన వాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు.

రెండు ధరల నడుమ మిగిలేదే కొసరు.
కిలో తూచాక పైన పడేసే
రెండు పచ్చిమిరపకాయలంత.
చాలా పొద్దుల్లో అదీ ఉండదు.
పదిహేను ఆటలు జల్లెడ పట్టి
'ఏమీ లేదు' అని రాసి ల్యాప్‌టాప్ మూసిన రోజులే
నా అసలు కష్టార్జితం.
దుబాయ్‌లో నా తరఫున డబ్బు కాసే జహంగీర్‌కి
ఈ సంగతి ఎక్కదు.
"ఏందన్నా, ఇయ్యాల గూడ ఖాళీయేనా?"
ఖాళీయే.
ఖాళీగా పోయిన రోజు ఎవరి ఇల్లూ కూల్చలేదు.

మే నెల చివర్లో ఒక గురువారం
హాలొరన్ అనే ముప్పై నాలుగేళ్ళ వాడి దగ్గర ఆగిపోయాను.
గెలుస్తూనే ఉన్నాడు. అందరూ మెచ్చుకుంటూనే ఉన్నారు.
కానీ వాడు బంతి వదిలే ఎత్తు
ఆరు ఆటలుగా దిగుతోంది.
ముందు అరవేలు, తర్వాత వేలెడు,
మొన్నటికి ఇంకొంచెం.
ధర మాత్రం ఉన్నచోటే ఉంది.
ఇరవై నిమిషాల్లో ఆట.
లోకంలో నా ఒక్కడికే తెలుసన్నట్టు
అరికాళ్ళు చల్లబడ్డాయి.

అప్పుడే నాయిన లేచాడు.
ముప్పై ఏండ్లు గంజ్‌ల మిర్చి బస్తాలు మోసిన మనిషి
ఎడంచేత్తో చాయ్ పట్టుకుని నా వెనక నిలబడ్డాడు.
తెర మీద మొన్నటి ఆట నడుస్తోంది.
హాలొరన్ విసిరాడు.
మళ్ళీ విసిరాడు.

"ఆనికి బుజం నొస్తుందిరా."

నాకు ఆరు ఆటలు, అయిదొందల చిల్లర బంతులు పట్టింది.

"ఎట్ల చెప్తున్నవ్?"
"మెడ జూడు. నొప్పి ఆడికి రాకముందే
మనిషి పక్కకు జరిగి దానికి జాగ ఇస్తున్నడు."

కిషన్‌గోపాల్ సేటు గుర్తొచ్చాడు.
గద్దె మీంచి లేవకుండానే,
లారీ దించే హమాలీల్ని చూస్తూ
ఎవరి భుజం ఏ నెలకి పోతుందో కట్టేవాడు.
నాయినకి నొప్పి తెలియకముందే
నాయిన బస్తాలు ఇంకొకరి పేర రాసేశాడు.
"పండుగ దాకా ఆరాం తీస్కో మల్కయ్యా" అన్నాడు,
ఎంతో ప్రేమగా.
ఏ పండుగో చెప్పలేదు.

ఫోను మెరిసింది. జహంగీర్.
'కాయాల్నా, వద్దా? జల్ది చెప్పు.'

కింద ఎవరో బస్తా విదిలించినట్టున్నారు,
ఘాటు మెట్లెక్కి పైదాకా వచ్చింది.
నేను తుమ్మాను. నాయిన తుమ్మలేదు,
ఆయనకది గాలిలో గాలి.
హాలొరన్‌నే చూస్తున్నాడు.
బంతి పోయిన చోటు కాదు,
బంతి వదిలేశాక
ఆ చెయ్యి తిరిగి ఒంటి దగ్గరికి వచ్చే తీరు.

"సాయిలూ," అన్నాడు చాలాసేపటికి,
"వాళ్ళ సేటుకి ఎరుకైందా?"

ఇంకా కాలేదు నాయినా, అన్నాను,
వేలు మీట మీదే ఉంచి.