ఇరవై వేలకు పైన

డబ్బా అడుగున అంటించిన కాగితం మీద
హెబుల్‌వైట్ చేతిరాత:
"పాత ఫర్మ్‌వేర్. తొంభై ఆరు దాటదు.
మార్చుకుంటే నూట తొంభై రెండు.
మారుతున్నప్పుడు తీగ కదిలిందో, ఇక ఇటుకే."

నలభై పౌన్లకు అమ్మాడు,
హల్‌లో, బెవర్లీ రోడ్డు మీద,
తన గ్యారేజీ ముందు, చినుకుల్లో.
ఒక పెన్‌డ్రైవు ఊరికే ఇచ్చాడు.
"హంబర్ వంతెన కింది గబ్బిలాలు.
నీకు వినపడవు. నాకూ వినపడవు.
కానీ ఉన్నాయి" అన్నాడు,
అప్పిచ్చినవాడు లెక్క అప్పజెప్పినంత నిబ్బరంగా.

నేను చెవులు పరీక్షించేదాన్ని.
పొద్దస్తమానం గాజు కిటికీకి ఇవతల కూర్చుని
సన్నని కూతలు పంపిస్తాను.
వినపడితే వేలెత్తాలి, అంతే.
ట్రాలర్ ఇంజన్ల పక్కన ముప్పై ఏళ్లు నిలబడ్డవాళ్లు
నేనేమీ పంపకుండానే వేలెత్తేస్తారు.
తప్పని చెప్పను.
మళ్లీ మొదటి నుంచి పెడతాను.

పోయిన నెల, గదిలో ఎవరూ లేనప్పుడు
నా చెవుల్నే కూర్చోబెట్టి చూశాను.
పద్నాలుగు వేల దగ్గర అయిపోయింది.
నలభై ఒకటో ఏట.
గోడ తగిలినట్టు కూడా కాదు,
మెట్టుందనుకుని అడుగేస్తే లేనట్టు.

అలాంటిదానికి నూట తొంభై రెండు ఎందుకే అంటే
ఏం చెప్పను?
చెవిటివాడి ముందు శంఖం అంటారే,
ముందు ఆ శంఖాన్నయినా బాగుచేద్దామనిపించింది.

రాత్రి పదకొండూ పది.
లాప్‌టాప్ బ్యాటరీ చచ్చి ఏడాది,
గోడ కరెంటే దాని ఊపిరి.
"అప్‌డేట్ మొదలైంది. తీగ తీయవద్దు."
నారింజ దీపం కొట్టుకుంటోంది.
పన్నెండు. ముప్పై. నలభై నాలుగు.
అప్పుడు గుర్తొచ్చింది మీటరు.

మా కరెంటు ముందే కొనుక్కునే కరెంటు.
తాళంచెవి లాంటిదొకటి పట్టుకెళ్లి
మూల కొట్లో పదో ఇరవయ్యో వేయించుకోవాలి.
ఆ కొట్టు పదింటికే షట్టరు దించేసింది.
అలమర తెరిచి టార్చి వేస్తే
అత్యవసరపు అప్పులో ముప్పై ఏడు పెన్నీలు.
పన్నెండు కొట్టగానే
రోజు చార్జీ యాభై నాలుగు కోసుకుంటుంది.

హీటరు ఆపాను. ఫ్రిజ్ ఆపాను.
దీపాలు ఒక్కొక్కటే.
స్వెటర్ మీద స్వెటర్ తొడిగి
అరవై మూడు దగ్గర ఆగిపోయిన గీత ముందు
పొయ్యి మీద పాలు పెట్టినదానిలా కూర్చున్నాను.

పెట్టెలో ఇప్పుడు పాతది లేదు, కొత్తది రాలేదు.
ఆ మధ్యలో ఏముంటుందో
హెబుల్‌వైట్ కాగితం మీద రాయలేదు.

అరవై మూడు.
కింది వాటా మార్జొరీ పిల్లి తలుపు గీకింది.
తీగ తొక్కుతుందని ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాను.
పదకొండూ ముప్పై ఎనిమిది.
అరవై మూడు.
అరవై మూడు.
పిల్లి గురక.
అరవై నాలుగు,
తర్వాత ఏం తోచిందో, గీత ఒక్క పరుగు.
దీపం తెల్లబడింది.

తెర మూలన చిన్న అంకె, నూట తొంభై రెండు.
స్పీకర్లలోంచి నీళ్లు.
రాళ్లకు తగిలి వెనక్కిపోయే నీళ్లు.
పైన లారీ ఒకటి ఇనుప అతుకు దాటింది.
హెబుల్‌వైట్ దగ్గు. కోటు జిప్పు పైకి లాక్కున్నాడు.
తర్వాత ఏమీ లేదు.
రెండు నిమిషాలు ఏమీ లేదు.
తెర మీద మాత్రం, ఇరవై వేలకు పైన,
వరసగా, ఎవరో మునివేళ్లతో
ముగ్గు చుక్కలు పెట్టుకుంటూ పోయినట్టు.

ఒళ్లో పిల్లి కళ్లు తెరవలేదు.
ఎడమ చెవి ఒక్కటీ తిప్పింది,
స్పీకరు వైపు, ఆ తర్వాత కప్పు వైపు.
అది నిజంగా విన్నదో,
అసలీ స్పీకర్లకు అంత గొంతుందో,
కింద మార్జొరీ డబ్బా మూత తీసిందో
నేను ప్రమాణం చేయలేను.

చీకట్లో,
గాజు కిటికీకి అవతలి మనిషిలా
వేలెత్తాను.

పన్నెండుకు ఇంకా ఆరు నిమిషాలు.
మళ్లీ మొదటి నుంచి పెట్టాను.