కీలు

వెన్నెముక గీయడం తేలిక.
ఐదు మూలల వలయం, ఒక మూలన గంధకం,
దాని పక్కన ఇంకొకటి, ఆ పక్కన ఇంకొకటి,
కాగితం అంచుదాకా.
అన్నీ ఒకే చాపమీద పడుకున్నట్టుంటే చాలు,
కరెంటు చెప్పులు కూడా విప్పకుండా నడిచిపోతుంది.

కానీ అంత బిర్రబిగిసిన గొలుసు
ఏ ద్రావణిలోనూ కరగదు.
సీసా అడుగున ఇటిక పొడిలా మొండికేస్తుంది.
అందుకని పక్కకొమ్మలు తగిలిస్తాం.
పొట్టివైతే కరగదు, పొడుగైతే దారి మూసుకుపోతుంది.
పది కర్బనాలా, పన్నెండా అని
ఏర్పేడు క్యాంటీన్లో నేనూ హేమాక్షీ
పొంగనాలు చల్లారేదాకా పోట్లాడుకున్నాం.

పదిహేడో బ్యాచ్ మంచి వంగపండు రంగు.
మెరుపు చూసి మురిసిపోయాం.
పెన్ను చుట్టూ చుట్టి విప్పి, చుట్టి విప్పి,
నూట నలభయ్యో వంపుకి
సూక్ష్మదర్శిని కింద
మిద్దెమీద మరిచిపోయిన అప్పడం.

ఆ రాత్రి ల్యాబులో కరెంటు పోయింది.
చీకట్లో నా ఎడమ మోచేయి నేనే తడుముకున్నా.
ఎనిమిదో ఏట మామిడికొమ్మ మీంచి పడితే
మా నాయన నన్ను భుజానేసుకుని పుత్తూరు బస్సెక్కాడు.
గుడ్డుసొన, ఆకుపసరు, వెదురుదబ్బలు.
"గమ్మునుండు మే, ఎముక్కి దారి తెలుసు" అని
అరుస్తున్న నోట్లో బెల్లంముక్క కుక్కాడు చెంగల్రాయుడు తాత.
ఎముకైతే అతికింది, తిన్నగా మాత్రం కాదు.
ఇప్పటికీ చేయి చాపితే
చివర రెండువేళ్ల దూరం మిగిలిపోతుంది.
బస్సులో కడ్డీ పట్టుకోడానికి అదేం అడ్డు కాదు.

తెల్లారి నోటుపుస్తకంలో
వెన్నుగీతని మధ్యమధ్యలో తెంపాను.
కావాలనే.
తెంపినచోటల్లా మూడు కర్బనాల మెత్తని తుంట,
కరెంటు నడవలేని తుంట.
"దారి నువ్వే తెంచితే ఎట్ట మే?" అంది హేమాక్షి.
"పక్కగొలుసు మీదికి దూకుతుందిలే."
"దూక్కపోతే?"
ఫ్లాస్కు అప్పటికే వేడెక్కుతోంది.

ఇరవై మూడో బ్యాచ్.
పల్చటి రబ్బరు మీద పొరగా పరిచి
రెండు వెంట్రుకంత తీగలు లాగి
మోచేతికి అతికించుకున్నా. ఆ మోచేతికే.
ముడిచాను. చాపాను. ముడిచాను.
తెరమీద గీత ముడిచినప్పుడల్లా జారింది,
చాపినప్పుడల్లా లేచింది,
లేచిన ప్రతిసారీ ముందటికన్నా ఆవగింజంత కిందే.
ఆరువందలు దాటాక హేమాక్షి లెక్క తప్పింది.
మళ్ళీ మొదట్నించీ అంటే
తమిళంలో తిట్టింది, నగరి పిల్ల కదా.

పదిహేడో దాంట్లో నాలుగోవంతు కూడా మోయదిది.
ఇంత తక్కువెందుకని సమీక్షకులు అడుగుతారు.
ఏం రాయాలో ఇంకా తోచలేదు.

పట్టీ పీకితే నాలుగు వెంట్రుకలు ఊడొచ్చాయి.
అతుకు పడ్డచోట వంగపండు రంగు మరక,
రెండుసార్లు సబ్బు పెట్టినా
వదల్లేదు.