ఎస్టిమేటు వెనక వైపు

థండర్ బేలో ఆ పొద్దున మైనస్ ఇరవై ఆరు.
ఐలీ కోస్కెలా తాళం తిప్పితే
కారు టక్‌మంది, ఒక్కసారి.
మళ్ళీ పలకలేదు.

ఆల్టర్నేటరు పోయిందనీ, బ్యాటరీ కూడా మార్చాలనీ
మొన్ననే గ్యారేజీలో రాసిచ్చారు,
పద్నాలుగు వందల ఇరవై డాలర్లు.
రాసినవాడు చెడ్డవాడేం కాదు,
బానెట్ ఎత్తాడు, పెన్ను తీశాడు, అంతే.
ఆసుపత్రి లాండ్రీలో ఐలీకి అది
రెండున్నర వారాల దుప్పట్లు.

పక్కింటి కుర్రాణ్ణి, టార్చి నా చేతిలో.
"నా చేతుల మీద కాదు వెలుగు,
నేను చూస్తున్న చోట" అంది.
ఆ రెండూ వేరని
నాకప్పటిదాకా తెలీదు.

మా ట్రక్కు నుంచి తీగలు తగిలిస్తే
ఇంజను దగ్గుతూ లేచింది.
అప్పుడు తీసింది కోటు జేబులోంచి మీటరు,
ఎర్ర ముల్లు, నల్ల ముల్లు.
ఆల్టర్నేటరు దగ్గర పద్నాలుగు పాయింట్ రెండు.
బ్యాటరీ దగ్గర పన్నెండు పాయింట్ ఒకటి.
"రాసుకో."
కాగితం? ఎస్టిమేటే ఉంది, వెనక ఖాళీగా.

"అక్కడ బస్సెక్కిన రెండు వోల్టులు
ఇక్కడ దిగలేదు,
మధ్యలో ఎక్కడ దిగిపోయాయంటావ్?"
నల్ల తీగ వెంట వేలు పోనిచ్చింది, నెమ్మదిగా,
తప్పిపోయిన కుట్టు వెతికినట్టు.
బాడీకి తగిలే బోల్టు కింద
చిలుము.
రోడ్డు మీద చల్లిన ఉప్పంతా
అక్కడ కాపురం పెట్టి
మైలుతుత్తం రంగు పూసుకుంది.

పది నంబరు పానా. వేడి నీళ్ళు, వంటసోడా.
బుసబుస పొంగింది. ఇనుప బ్రష్షుతో
రాగి మెరిసేదాకా రుద్దింది.
మళ్ళీ ముళ్ళు పెట్టింది:
పద్నాలుగు పాయింట్ ఒకటి.

నేను ఎగిరి గంతేశాను. తను వేయలేదు.
పోయిన మార్చిలో తనే డాక్టరై
బాగున్న స్టార్టరు విప్పి
కొత్తది బిగించిందట, మూడొందలు పెట్టి.
"ఆ ఫీజు కట్టాకే
మీటరు కొనాలని తోచింది."

శనివారం, సౌనా పొయ్యి ముందు,
నిప్పు రాజేయడానికి ఆ కాగితం తీసింది.
ఈ వైపు పద్నాలుగు వందల ఇరవై.
తిప్పితే నా పెన్సిలు రాత.
కాసేపు అటూ ఇటూ తిప్పి
మడిచి జేబులో పెట్టుకుని
బర్చి బెరడు అంటించింది.

"వచ్చే చలికాలం పనికొస్తుంది," అంది.
"కానీ అబ్బాయ్,
నీ ఒకట్లు ఏడుల్లా ఉన్నాయి."