లెక్కలోకి రాని ఆట

సున్నం దొరకలేదు ఆ ఏడు.
పర్లాకిమిడి లోకో షెడ్డు నుంచి
రెండు తట్టల బూడిద మోసుకొచ్చి
మైదానం చుట్టూ గీత గీసింది నేనే.
పన్నెండేళ్ళు నాకు.
మెకాయ్ దొర వంగి చూసి "వంకర" అన్నాడు, తెలుగులోనే.
ఆయనకి వచ్చిన మాటలు పదో పన్నెండో,
అన్నీ తప్పు పట్టేవే.

మలయా పోయింది కదా, రబ్బరు లేదు.
బంతి లోపలి తిత్తికి ఏడు అతుకులు:
ఆరు సైకిలు షాపు దాలినాయుడివి,
ఏడోది అతని ఒడియా పెళ్ళాం
గరిటె కాల్చి అంటించింది.
తంతే నేరుగా పోయేది కాదు,
ఏదో గుర్తొచ్చినట్టు పక్కకి తిరిగేది.

ఆ శనివారం రైలుజట్టుకి పదిమందే.
గోలీ పట్టాళంలో చేరి ఎక్కడో ఇసుకలో ఉన్నాడు,
అతని చోట బొగ్గు వేసే రఘో నిలబడ్డాడు.
సెంటర్‌హాఫ్, విశాఖపట్నంలో బాంబులు పడ్డాక
అక్కని వెతకడానికి పోయి రాలేదు.

మా ఊళ్ళోనూ ఇంతే, అన్నాడు దొర.
దారిన పోయే రెజిమెంటులోంచి ఒకణ్ణి అరువు తెచ్చి
ఒక్కపూటకి చొక్కా తొడుగుతారట.
మూడు నెలలు ఓడల్లో నానిన తమ్ముడి ఉత్తరం
జేబులోంచి తీశాడు.
లీగు ఆటే. అయినా యుద్ధం ముగిసేదాకా
ఆడినవేవీ లెక్కలోకి రావట.
"మరెందుకండీ ఆడటం?" అన్నాడు
టిక్కెట్ల గుమాస్తా త్రినాథ పాఢి.
దొర విజిలు పంట్లాముకి తుడుచుకున్నాడు.

సత్రం అరుగు మీద
రంగూన్నుంచి నడిచొచ్చినోళ్ళు.
"ఆ కూర్మన్న అక్కడ రేవుజట్టుకి ఆడీవోడట" అన్నారెవరో.
పిలిస్తే లేచాడు.
"బూట్లొద్దు బాబూ."
అరికాళ్ళు చూశాను.
అరకాను కొండలు కుట్టిన తోలు అది.

మిల్లుజట్టు నవ్వింది.
పావుగంటకి ఆపేసింది.
బంతి వంకర అతనికి ముందే తెలిసినట్టు
అది తిరగబోయే చోట నిలబడి ఉండేవాడు.
ఒడ్డున సగం జనం "మార్, మార్"
సగం "తన్నరా బావా తన్ను."

అప్పుడు మహేంద్రగిరి వైపు మబ్బులో మోత.
మనదే విమానం, గోపాలపురం పోతోంది.
అందరం తలెత్తాం.
కూర్మన్న ఎత్తలేదు.
తన్నిన కాలు ఇంకా గాల్లో ఉండగానే
ఒళ్ళంతా నేలకి అతికించేశాడు.
చేతులు రెండూ తన తలమీద కాదు,
పక్కనెవరో చిన్నవాళ్ళు పడుకున్నట్టు
గడ్డి మీద కప్పి.

బంతి ఆగలేదు.
ఆకాశం చూస్తున్న మిల్లు గోలీ కాళ్ళ సందున
బూడిద గీత దాటింది.

ఎవరూ అరవలేదు.
మోత కొండ వెనక్కి పోయింది.
కూర్మన్న మోచేతుల మీద లేచి
చేతుల కింద చూసుకున్నాడు.
తడి గడ్డి. ఒక చీమ.
"ఎంతయింది బాబూ?" అన్నాడు
ఎవర్నీ చూడకుండా.

మిల్లు కెప్టెన్ వచ్చి "గోలే" అన్నాడు,
మొక్కు చెల్లించినట్టు మెల్లగా.
లెక్కల పుస్తకం నా ఒళ్ళో ఉంది.
రాయాలా వద్దా, పెన్సిలు తడి చేసుకుంటూ కూచున్నాను.
దొర నా పక్కకి వచ్చి "రాయి" అన్నాడు.
ఆ మాట ఆయనకి వచ్చని
అప్పటిదాకా తెలీదు నాకు.

కూర్మన్న అని రాశాను.
ఇంటిపేరు అడుగుదామని తలెత్తేసరికి
ఆట మొదలైపోయింది.